ఫీజు సర్కారు కడుతుంది.. మరి బస్సు చార్జీ?

పెద్ద అంబర్‌పేట్‌లో ఓఆర్‌ఆర్ దిగే చోట పొద్దున ఏడున్నరకు ఒక అరగంట నిలబడండి. మన ఇంజినీరింగ్ చదువు మొత్తం కళ్ల ముందు నుంచే పోతుంది. విజయవాడ హైవే మీద పసుపు బస్సులు ఒకదాని వెనక ఒకటి. కొన్ని ఇబ్రహీంపట్నం వైపు తిరుగుతాయి, కొన్ని బాటసింగారం దాటి సీదా పోతాయి. మెడలో ఐడీ కార్డు, చెవుల్లో ఇయర్‌బడ్స్, ఒళ్లో రికార్డు పెట్టుకుని కిటికీ పక్కన రాసుకుంటూ పోయేవాళ్లు కొందరు. కాలేజీ బస్సు ఫీజు కట్టలేక రోడ్డు పక్కన ఆర్టీసీ కోసం మెడలు చాపి చూసేవాళ్లు ఇంకొందరు.

ఇద్దరిదీ అదే కాలేజీ, అదే సెక్షన్. చాలాసార్లు ఇద్దరికీ ఫీజు రీయింబర్స్‌మెంటే. కానీ నాలుగేళ్ల తర్వాత ఇద్దరి చేతిలోనూ డిగ్రీ ఉంటుందా అంటే నేను గట్టిగా చెప్పలేను.

మాది ఈ ఊరే. నాన్న పండ్ల మార్కెట్‌లో హమాలీ. అప్పట్లో మార్కెట్ కొత్తపేటలో ఉండేది, తెల్లవారుజామున మూడింటికే లేచి పోయేవాడు. ఇప్పుడు అదే మార్కెట్ బాటసింగారం వచ్చింది కాబట్టి కొంచెం నిద్ర దొరుకుతోంది. నేను బీటెక్ చదివింది సర్కారు పైసలతో. అందుకే 'రీయింబర్స్‌మెంట్ వేస్ట్, ఊరికే కాలేజీల జేబులు నింపడానికి' అని ఎవరైనా అంటే నాకు కాలుతుంది. అలాగే 'ఫీజు గవర్నమెంటే కడుతోంది కదా, ఇంకేం కావాలి మీకు?' అన్నా కాలుతుంది. ఆ రెండో మాట గురించే ఈ కథనం.

ఆగిపోయింది ఎక్కడ?

ముందు మా క్లాస్‌మేట్ సంగతి చెప్తాను. పేరు రాయను. చౌటుప్పల్ దగ్గర పల్లె. ఎంసెట్‌లో ర్యాంకు పర్లేదు, కన్వీనర్ కోటాలో సీటొచ్చింది. బీసీ కోటా, ర్యాంకు 10 వేలు దాటింది కాబట్టి సర్కారు ఇచ్చేది ఏడాదికి 35,000. మిగతా ఫీజు మేనమామ కట్టాడు. అంటే కాగితం మీద చూస్తే అతని చదువుకి పైసల సమస్య లేదు.

రూమ్ అద్దె, తిండి, బస్సు, రికార్డులు, ఎగ్జామ్ ఫీజు, ల్యాబ్‌కి యాప్రాన్.. ఇవన్నీ కాగితం మీద ఉండవు. సెకండియర్‌లో రాత్రిళ్లు ఫుడ్ డెలివరీ మొదలుపెట్టాడు. రాత్రి ఒంటిగంట దాకా బండి మీదే. పొద్దున మొదటి క్లాసు పోయేది, తర్వాత రెండోది కూడా. మేం ప్రాక్సీ చెప్పే రోజులు చెప్పాం, దొరికిపోయిన రోజులు దొరికిపోయాం.

జేఎన్‌టీయూ రూలు మీలో చాలామందికి తెలుసు. హాజరు 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే కారణం చూపించి, కండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. 65 లోపు పడితే డిటెయిన్. థర్డ్ ఇయర్ మొదటి సెమిస్టర్‌లో అతనికి 62 వచ్చింది.

డిటెయిన్ అయితే పోయేది ఆర్నెల్లో ఏడాదో మాత్రమే కాదు. స్కాలర్‌షిప్ కూడా హాజరు మీదే నడుస్తుంది. చదివిన ఏడాదే మళ్లీ చదివితే దానికి సర్కారు రెండోసారి ఫీజు కట్టదు. అంటే నెలకు మూడు నాలుగు వేల కోసం చేసిన పని, ఏడాదికి 35 వేలు తెచ్చే దారిని మూసేసింది. మేనమామ కూడా 'ఇంక నావల్ల కాదురా' అన్నాడు. అక్కడితో సరి.

ఇప్పుడు మా దగ్గరే ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్. బాగానే ఉన్నాడు, పెళ్లి కూడా అయింది. డిగ్రీ అడిగే చోట మాత్రం అప్లై చేయడు.

అతనికి తగ్గిందెంత? నేనూ అతనూ కూర్చుని ఒకసారి లెక్కేశాం. నెలకు మూడు వేలుంటే డెలివరీ అవసరం ఉండేది కాదన్నాడు. చదువు ఆపింది ఫీజు కాదు, బస్సూ బువ్వా.

35,000 పుట్టింది 2012లో

మన దగ్గర 'గ్రాంట్' అనే మాట ఎవరూ వాడరు. 'స్కాలర్‌షిప్ పడిందా?' అంటాం. ఆ స్కాలర్‌షిప్ అనే మాటలో రెండు వేర్వేరు డబ్బులున్నాయి. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, ఇది కాలేజీకి పోతుంది. ఎంటీఎఫ్ అంటే మెయింటెనెన్స్, అంటే మన ఖర్చులకు ఇచ్చేది, మన ఖాతాలో పడుతుంది. టీవీల్లో లొల్లి అంతా మొదటి దాని మీదే. రెండోది ఎంతో, ఎప్పుడొస్తుందో అడిగేవాళ్లు తక్కువ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను పెద్దెత్తున తెచ్చింది. మా అమ్మానాన్నల తరంలో 'ఇంజినీరింగ్ మనకెందుకు లే' అనుకున్న ఇళ్లలోంచి పిల్లలు బీటెక్‌కి వెళ్లింది అప్పటి నుంచే. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల చెరువు గట్ల మీద, గుట్టల పక్కన ఇన్ని కాలేజీలు లేచి నిలబడ్డాయంటే దాని పాత్ర కూడా పెద్దదే. వాటిలో కొన్ని మంచివి. కొన్ని ఎందుకు పెట్టారో పెట్టినవాళ్లకే తెలియాలి.

ఖర్చు పెరిగేసరికి 2012లో ఒక గీత గీశారు. బీసీ, ఈబీసీ విద్యార్థులకు ర్యాంకు 10 వేల లోపు వస్తే పూర్తి ఫీజు, దాటితే 35,000 మాత్రమే. సర్కారు కాలేజీల్లో, గురుకులాల్లో చదివొచ్చిన వాళ్లకు కొన్ని మినహాయింపులున్నాయి. ఎస్సీ, ఎస్టీలకు ఈ ర్యాంకు గీత లేదు.

ఆ 35,000 తెలంగాణలో అలాగే ఉండిపోయింది. ఫీజులు ఉండలేదు. 2022లో ఖరారైన లెక్కల ప్రకారం ఇంజినీరింగ్ కనీస ఫీజే 45,000, అన్నిటికన్నా ఎక్కువున్న కాలేజీలో 1.60 లక్షలు. అంటే అన్నిటికన్నా చవక కాలేజీలో చేరినా, 10 వేలు దాటిన ర్యాంకు వాళ్ల ఇంటి నుంచి ఏడాదికి 10,000 పోవాల్సిందే. పేరున్న కాలేజీ అయితే లక్ష దాటుతుంది.

ఇంకో గీత ఆదాయానిది. బీసీ, ఈబీసీ, మైనారిటీ కుటుంబాలకు పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు మించకూడదు. పెద్ద అంబర్‌పేట్ పట్టణం లెక్కలోకి వస్తుంది. హైవే మీద కొంచెం ముందుకెళ్తే గ్రామ పంచాయతీ లెక్క. పండ్ల మార్కెట్‌లో పక్కపక్కన మూటలు మోసే ఇద్దరి కూలి ఒకటే, బియ్యం ధర ఒకటే. కానీ ఒకరి పిల్ల అర్హురాలు, ఇంకొకరి పిల్ల కాదు. 2 లక్షలంటే నెలకు 16,667. ఒక వ్యాన్ డ్రైవర్ జీతాన్ని నిజాయితీగా రాస్తే ఈ గీత దాటిపోతుంది. అందుకే మీసేవలో ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కి పోయినప్పుడు 'ఎంత వేయాలి?' అనే ప్రశ్న అంత మామూలైపోయింది. ఆ ప్రశ్న అడిగించేది మన జనం బుద్ధి అని నేను అనుకోను. గీత గీసి వదిలేసిన వాళ్లది ఎక్కువ బాధ్యత.

మధ్యలో డబ్బు ఆగితే

ఈ సమస్య మన తరానిది కాదు. స్కాలర్‌షిప్ ఆగిపోయి చదువు మధ్యలో వదిలేసి ఇంటికొచ్చిన ఒక విద్యార్థి గురించి మీకందరికీ తెలుసు. ఆయన విగ్రహం మన ఊళ్లన్నిటిలో ఉంటుంది.

బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే అంబేద్కర్ 1913లో న్యూయార్క్ వెళ్లి కొలంబియా యూనివర్సిటీలో చేరారు. అక్కడి నుంచి 1916లో లండన్ వెళ్లి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, బారిస్టర్ చదువుకు గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. చదువు సగంలో వదిలి తిరిగి వచ్చేశారు. బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కొంత దాచుకున్నారు. కొల్హాపూర్ మహారాజు షాహూ కొంత సాయం చేశారు, నావల్ భథేనా అనే స్నేహితుడు అప్పిచ్చాడు. అవన్నీ కలిపి 1920లో మళ్లీ లండన్ వెళ్లి ఆ చదువు పూర్తి చేశారు.

మూడేళ్లు పోయాయి. అంబేద్కర్ కాబట్టి తిరిగి వెళ్లగలిగారు. మామూలోళ్లు ఒకసారి కాలేజీ గేటు బయటికొస్తే తిరిగి లోపలికెళ్లడం ఎంత కష్టమో మా క్లాస్‌మేట్‌ని అడగండి.

ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది 1944లో, బ్రిటిష్ పాలనలో. అప్పుడు అంబేద్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడు. ఆ పథకం ఈ రోజుకీ నడుస్తోంది. మధ్యలో కేంద్రం వాటా తగ్గిపోయి, భారమంతా రాష్ట్రాల మీద పడి పథకం నీరసించింది. 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ దాన్ని మార్చింది. ఐదేళ్లకు మొత్తం 59,048 కోట్లు, అందులో కేంద్రానిది 35,534 కోట్లు, అంటే 60 శాతం. మిగతా 40 రాష్ట్రాలది. ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు.

ఇందులో విద్యార్థి సొంత ఖర్చులకు ఇచ్చేది చూడండి. ఇంజినీరింగ్ లాంటి కోర్సులో హాస్టల్‌లో ఉంటే ఏడాదికి 13,500. ఇంటి నుంచి వెళ్లొస్తే 7,000. బీఏ, బీకామ్ లాంటి మామూలు డిగ్రీకి ఇంటి నుంచి వెళ్లేవాళ్లకు 3,000. ఏడు వేలను 12 నెలలకు పంచితే నెలకు 583. మూడు వేలను పంచితే 250. కాలేజీ క్యాంటీన్‌లో రోజుకో ప్లేటు ఇడ్లీ తిన్నా ఈ 250 నెలాఖరుదాకా రాదు.

హాస్టళ్ల సంగతీ అంతే. తెలంగాణలో ప్రభుత్వ హాస్టళ్ల డైట్ చార్జీలు ఏడేళ్లపాటు కదల్లేదు. 2024 నవంబరులో 40 శాతం పెంచారు. ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవాళ్లకు నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. రోజుకు 70 రూపాయలు, అందులోనే టిఫిన్, రెండు పూటలా భోజనం. పెంచినందుకు సంతోషమే. ఆ ఏడేళ్లలో చదివి వెళ్లిపోయిన వాళ్లు ఏం తిన్నారో కూడా ఒకసారి ఊహించుకోండి.

డబ్బు ఎవరి చేతిలో పెట్టాలి?

నా బీటెక్ అయిపోయిన ఏడాది ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. జాయినింగ్‌కి ఒరిజినల్స్ కావాలన్నారు. కాలేజీకి పోతే, 'సర్కారు నుంచి నీ రెండేళ్ల డబ్బు రాలేదు. నువ్వు కట్టేసి సర్టిఫికెట్లు తీసుకుపో. గవర్నమెంట్ వేస్తే నీకు తిరిగిస్తాం' అన్నారు. కాలేజీ పేరు వద్దు, ఆ మాట ఒక్క కాలేజీదే కాదు. అమ్మ పుస్తెల తాడు తాకట్టు పెట్టింది. డబ్బు తిరిగొచ్చింది, కాదనను. పద్నాలుగు నెలలకు వచ్చింది. ఆ పద్నాలుగు నెలల వడ్డీ ఏ పథకంలోనూ లేదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే కాలేజీలకు స్పష్టంగా చెప్పింది. ఈ మాట కౌంటర్ దగ్గర చెప్పి చూడండి, చెప్పొద్దనను. కానీ సోమవారం జాయినింగ్ ఉన్నవాడు శనివారం కోర్టుకు పోడు.

కాలేజీల వైపు కూడా ఒక మాట చెప్పాలి. 2025 నవంబర్ 3 నుంచి తెలంగాణలో ప్రైవేటు ఇంజినీరింగ్, డిగ్రీ, ఫార్మసీ కాలేజీలు బకాయిల కోసం బంద్ పెట్టాయి. ఏళ్ల తరబడి డబ్బు రాకపోతే లెక్చరర్లకు జీతాలెలా ఇవ్వాలన్నది వాళ్ల ప్రశ్న. ప్రభుత్వంతో చర్చల తర్వాత, వందల కోట్లు విడతలుగా ఇస్తామన్న హామీ మీద 7వ తేదీన విరమించారు. జీతం రాని లెక్చరర్ వెళ్లిపోతాడు. వెళ్లిపోయిన లెక్చరర్ సబ్జెక్టును ఇంకొకరు గైడ్ చూసి చెప్తారు. చివరికి ఆలస్యానికి ఖరీదు కట్టేది ఆ క్లాసులో కూర్చున్నవాళ్లే.

పక్క రాష్ట్రంలో వేరే దారి చూశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన జగనన్న విద్యాదీవెన పేరుతో ఫీజు డబ్బును తర్వాత నేరుగా తల్లుల ఖాతాల్లో వేశారు, మూడు నెలలకోసారి. తల్లి వెళ్లి కాలేజీలో కట్టాలి. దానికి తోడు వసతి దీవెన అని తిండికీ, ఉండడానికీ వేరేగా, డిగ్రీ ఆపైన చదివేవాళ్లకు ఏడాదికి 20,000, పాలిటెక్నిక్‌కు 15,000, ఐటీఐకి 10,000. నాకు ఈ రెండోదే పెద్ద విషయంగా అనిపించింది. బస్సూ బువ్వా కూడా చదువు ఖర్చేనని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది. మరి తల్లుల ఖాతాలో వేసిన ఫీజు ఏమైందంటే, ఇంట్లో అప్పున్న చోట కొంత అటు పోయింది, కాలేజీలు పిల్లల్ని నిలదీశాయి. విడతలు ఆలస్యమైనప్పుడు ఇబ్బంది పడింది కూడా వాళ్లే. 2024లో వచ్చిన ప్రభుత్వం ఫీజును మళ్లీ కాలేజీలకే వేస్తామంది.

నాకు తోచింది చెప్తాను. ఫీజు కాలేజీకి పోవాలి, ఖర్చుల డబ్బు పిల్లల చేతికి రావాలి. రెండోది చిన్నదైనా నెలనెలా రావాలి. మార్చిలో ఒకేసారి పడే ఏడు వేలు, జులైలో బస్సు పాస్ కొనివ్వవు.

న్యూయార్క్‌లో బస్సు పాస్ చేసిన పని

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. రెండేళ్ల కోర్సులు, తక్కువ ఫీజు, చుట్టుపక్కల వాళ్లు ఇంటి నుంచే వచ్చి చదువుకుంటారు, చాలామంది పని చేసుకుంటూ. మన సర్కారు డిగ్రీ కాలేజీకీ, పాలిటెక్నిక్‌కీ మధ్యలో ఒకటి అనుకోండి. అక్కడ పేద విద్యార్థులకు పెల్ గ్రాంట్ అని ఫెడరల్ ప్రభుత్వం ఇస్తుంది. తిరిగి కట్టక్కర్లేదు. అయినా చాలామంది మధ్యలోనే మానేసేవాళ్లు.

న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ వాళ్లు 2007లో తమ కమ్యూనిటీ కాలేజీల్లో అసాప్ అనే ప్రోగ్రామ్ పెట్టారు. గ్రాంట్ పోను ఫీజులో తగ్గింది వాళ్లు భరించారు. పుస్తకాలకు సాయం చేశారు. తరచూ కలిసి మాట్లాడే ఒక సలహాదారుని పెట్టారు. దాంతోపాటు నెలనెలా మెట్రోకార్డు, అంటే సిటీ బస్సు, రైలు పాస్. విద్యార్థి ఫుల్‌టైమ్ చదవాలి, సలహాదారుని కలవాలి, అదీ షరతు.

ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ దీన్ని పకడ్బందీగా పరీక్షించింది. ఒకే రకం విద్యార్థుల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే ఈ సాయం ఇచ్చారు. మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు మామూలు గుంపులో 22 శాతం. అసాప్ గుంపులో 40 శాతం. ఒక్కో విద్యార్థి మీద ఖర్చు పెరిగింది నిజమే. కానీ చేతికొచ్చిన ఒక్కో డిగ్రీకి లెక్కేస్తే ఖర్చు తగ్గింది. సగంలో మానేసిన వాడి మీద పెట్టినదంతా నీళ్లలో పోసినట్టే కదా మరి.

జార్జియా స్టేట్ యూనివర్సిటీ ఇంకో పని చేసింది. ఇంకొంచెం డబ్బు తక్కువై పేరు కొట్టేసే దశకొచ్చిన విద్యార్థుల్ని వెతికి, వాళ్లు అడగకముందే ఆ చిన్న మొత్తం కట్టేసింది. 2011లో మొదలుపెట్టారు. ఒక్కొక్కరికి సగటున వెయ్యి డాలర్ల లోపే. అడగకముందే అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మన దగ్గర అడిగి, అప్లై చేసి, బయోమెట్రిక్ ఇచ్చి, జిరాక్సులు మూడు సెట్లు పెట్టినా స్టేటస్ దగ్గరే చక్రం తిరుగుతుంటుంది.

మన దగ్గర ఇలాంటిది అసలే లేదా అంటే, ఒకటుంది. దాన్ని ఎవరూ చదువుల పథకం అనరు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మా గల్లీలో ఒకమ్మాయి సిటీలో సర్కారు డిగ్రీ కాలేజీలో చదువుతోంది. ఇంతకుముందైతే వాళ్ల నాన్న దగ్గర్లోని ఏదో కాలేజీలో వేసేవాడు, లేదా పెళ్లి చూసేవాడు. ఇప్పుడు ఆధార్ చూపించి ఎక్కుతోంది, జీరో టికెట్. బస్సులో నిలబడే చోటు ఉండదు, అది వేరే సంగతి. వాళ్ల తమ్ముడు ఇంటర్. వాడికి పాస్ కొనాలి. ఆర్టీసీ 2025 జూన్‌లో పాసుల ధరలు పెంచినప్పుడు స్టూడెంట్ పాసులు కూడా పెరిగాయి. 'అక్కకు ఫ్రీ, నాకెందుకు లేదు?' అని వాడి గొడవ. వాడి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అక్కకు తీసేయమని మాత్రం ఎవరూ అనొద్దు.

ఈపాస్‌లో పడకుండా..

మా గల్లీలో అప్లికేషన్లు నింపే పని నాది. ఎలా అంటగట్టారో తెలీదు, ప్రతి ఏడాదీ ఫోన్లు పట్టుకుని వస్తారు. అందుకే కొన్ని చెప్తాను, మీ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పంపండి.

సీటు తీసుకునేటప్పుడే సగం తేలిపోతుంది. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు రీయింబర్స్‌మెంట్ రాదు. 'స్పాట్‌లో సీటిస్తాం, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం' అని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. ఫోన్ కట్ అవుతుంది.

తెలంగాణ ఈపాస్ వెబ్‌సైట్‌లో మొదటి ఏడాది ఫ్రెష్, తర్వాత ప్రతి ఏడాదీ రెన్యువల్. ఒకసారి చేశాం కదా అని సెకండియర్‌లో వదిలేసేవాళ్లను చాలామందిని చూశాను. పేరు పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, బ్యాంకులో ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా ఉంటే అక్కడే ఇరుక్కుంటుంది. ఖాతాకు ఆధార్ లింకై ఉండాలి, ఆ ఖాతా బతికుండాలి. ఎప్పుడో స్కూల్లో తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతా ఈపాటికి నిద్రపోయి ఉంటుంది, బ్యాంకుకు పోయి లేపండి. ఆన్‌లైన్‌లో సబ్మిట్ కొట్టగానే అయిపోలేదు, జిరాక్సులు కాలేజీలో ఇవ్వాలి, కాలేజీ వెరిఫై చేసి పంపాలి. క్లర్క్ టేబుల్ మీదే నెలలు ఆగిన ఫైళ్లున్నాయి. వారానికోసారి వెళ్లి అడగండి, సిగ్గుపడకండి. అడిగే వాడి ఫైలే ముందు కదులుతుంది.

స్టేటస్‌లో 'శాంక్షన్' అని కనిపిస్తే డబ్బు వచ్చినట్టు కాదు. మంజూరైంది, బిల్లు ట్రెజరీకి పోవాలి, టోకెన్ పడాలి, ఆ తర్వాత విడుదల కావాలి. ఆ స్క్రీన్‌ను మాత్రం స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, ప్రతి ఏడాదిదీ. రేపు సర్టిఫికెట్ల దగ్గర లెక్క తేలాల్సి వచ్చినప్పుడు, ఏ ఏడాదిది మంజూరైందో మీ దగ్గర రుజువుంటుంది. కాలేజీకి ఏం కట్టినా రసీదు తీసుకోండి, యూపీఐలో కడితే ఆ మెసేజ్ డిలీట్ చేయకండి.

ఈపాస్ ఒక్కటే అనుకోకండి. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చి, మీ బోర్డులో పై 20 శాతంలో ఉండి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపుంటే కేంద్రం డిగ్రీకి ఏడాదికి 12,000 ఇస్తుంది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. ఆదాయం 8 లక్షల లోపున్న ఇళ్ల నుంచి ఇంజినీరింగ్, డిప్లొమా చదివే అమ్మాయిలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000, వికలాంగ విద్యార్థులకు సక్షమ్ పేరుతో అంతే. ఒకటి తీసుకుంటే ఇంకొకటి కుదరని షరతులు కొన్నిటికి ఉంటాయి. అప్లై చేసే ముందు చిన్న అక్షరాలు కూడా చదవండి. ప్రగతికి మొదటి ఏడాదిలోనే, లేదా లేటరల్ ఎంట్రీ అయితే సెకండియర్‌లో చేరినప్పుడే అప్లై చేయాలి. థర్డ్ ఇయర్‌లో తెలుసుకుని నా దగ్గరికొచ్చిన అమ్మాయిలు ఇద్దరున్నారు. అప్పటికి చేసేదేం లేదు.

మొన్న ఒక పిల్లాడొచ్చాడు. పాలిటెక్నిక్ సెకండియర్, రెన్యువల్ చేయాలి. మీసేవకు వెళ్తే ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ వాళ్ల నాన్నదని తేలింది. ఆయన ఆ సిమ్ పడేసి ఏడాదైంది, ఓటీపీ ఎక్కడికో పోతోంది. ముందు నంబర్ మార్పించుకోవాలి, ఆ తర్వాతే మిగతాది. మీ ఆధార్‌కు ఏ నంబరుందో ఈ రోజే చూసుకోండి.